చలికాలంలో కయోటీకి ఉచ్చు వేయడం ఎలా? మన వాసన సంగతి ఏం చేయాలి?

మంచు మీద కయోటీ అడుగులు ఒకే వరసలో, దారం పట్టి గీసినట్టు ఉంటాయి. నా మొదటి చలికాలంలో అలాంటి వరస ఒకటి నేను కట్టిన ఉచ్చు దాకా సాఫీగా వచ్చి, రెండు మూరల ముందు ఆగిపోయింది. ఆ చోట మంచు కాస్త ఎక్కువ నలిగి ఉంది. అంటే అది అక్కడ నిలబడి వాసన చూసిందన్నమాట. తర్వాత ఎడమకు తిరిగి, ఉచ్చును చుట్టేసి, పది అడుగుల అవతల మళ్లీ పాత దారిలో కలిసింది. ఎనిమిది ఉచ్చులు కట్టాను. ఏడింటి దగ్గర ఇదే కథ. ఎనిమిదో దాని దగ్గరికి ఏదీ రాలేదు.

మేముండేది కెనడాలో, అల్బెర్టా మైదానాల్లో, కాల్గరీకి తూర్పున. గొర్రెలు పెంచుతాం. మా తాత ప్రకాశం జిల్లాలో మంద కాసినవాడు కాబట్టి గొర్రె నాకు కొత్త కాదు. కయోటీ మాత్రం కొత్త. తోడేలుకు తమ్ముడు, నక్కకు అన్న అనుకోండి. బరువు 10 నుంచి 18 కిలోలు. తోడేలంత బలం లేదు గానీ, మనిషి పక్కనే ఉంటూ మనిషి కంటపడకుండా బతకడంలో దానికి సాటి లేదు. ఉత్తర అమెరికాలో పల్లెల పక్కన భూమి కొనుక్కుని మేకలో గొర్రెలో పెంచుతున్న మనవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లు తరచుగా అడిగేది దీని గురించే కాబట్టి, నాకు తెలిసినది వరసగా రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇది ఊళ్లో చేసి చూసే పని కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుకు ఉచ్చు పెట్టడం కూడా వేట కిందికే వస్తుంది, జైలు శిక్ష పడుతుంది. అడవిపందికని పెట్టిన ఉచ్చులో చిరుతలు, పులులు చిక్కి చనిపోయిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. ఉచ్చుకు ఏ మెడ వచ్చిందో తెలియదు. కింద నేను చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ ఒక్క సమస్య కోసమే.

ఇక్కడ కూడా చట్టం ప్రాంతాన్ని బట్టి మారిపోతుంది. అల్బెర్టాలో కయోటీని వ్యవసాయ తెగుళ్ల చట్టం కింద తెగులుగా ప్రకటించారు. కానీ అందువల్ల ఎవరైనా ఎక్కడైనా ఉచ్చు కట్టొచ్చని కాదు. ముందు మీ కౌంటీ ఆఫీసులో అగ్రికల్చరల్ ఫీల్డ్‌మన్ అనే ఉద్యోగిని కలవండి. ఉచ్చుకు ఏ అనుమతి కావాలి, ఏ తేదీల మధ్య, ఉచ్చును బిగించే లాక్ ఏ రకం, ఎన్ని గంటలకోసారి చూసి రావాలి, ఇవన్నీ ఆ ఏడాది నిబంధనల పుస్తకం దగ్గర పెట్టుకుని అడగండి. అమెరికాలో ఉన్నవాళ్లకు తేడా ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియా 2019లో బొచ్చు కోసం ఉచ్చులు, బోనులు పెట్టడాన్ని నిషేధించింది. న్యూ మెక్సికోలో 2022 నుంచి ప్రభుత్వ భూముల్లో ఉచ్చు పెట్టకూడదు. పక్క రాష్ట్రంలో ఉన్న స్నేహితుడు చెప్పాడని మీరు కట్టేయకండి. అల్బెర్టా ట్రాపర్స్ అసోసియేషన్ శిక్షణ తరగతులు నడుపుతుంది. మీ ప్రాంతంలో అలాంటివి ఉంటే వెళ్లండి. చేత్తో పట్టుకుని ఒక పూట నేర్చుకున్నది పది వ్యాసాల కంటే ఎక్కువ.

మొదటి పని: చంపింది కయోటీయేనా?

గొర్రె చచ్చిపడి ఉంది, చుట్టూ కయోటీ అడుగులున్నాయి. అంతమాత్రాన అదే చంపిందని కాదు. జబ్బుతో చచ్చిన గొర్రెను తినడానికీ కయోటీ వస్తుంది. మెడ దగ్గర చర్మం ఒలిచి చూడండి. దవడ వెనక, గొంతు మీద పళ్ల గాట్లు, వాటి చుట్టూ చర్మం లోపలివైపు నల్లగా రక్తం కమిలి ఉంటే, గొర్రెను బతికుండగానే పట్టుకుందని అర్థం. కమలకుండా ఉట్టి రంధ్రాలే ఉంటే చచ్చాక కొరికినవి. కాళ్లు, తోక, పిరుదులు ఎక్కడపడితే అక్కడ చీరి, రెండు మూడు గొర్రెల్ని గాయపరిచి వదిలేసి ఉంటే, అది చాలావరకు ఊరకుక్కల పని. కుక్క అడుగు గుండ్రంగా, గోళ్లు విచ్చుకుని ఉంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది. కయోటీ అడుగు కోలగా, రెండున్నర అంగుళాల పొడవుంటుంది, తిన్నగా పోతుంది.

కయోటీలన్నీ గొర్రెల్ని చంపవు. కాలిఫోర్నియాలోని హాప్‌లాండ్ పరిశోధన కేంద్రంలో గొర్రెల మందల మీద జరిగిన అధ్యయనాల్లో, చంపేది ఎక్కువగా ఆ ప్రాంతాన్ని ఏలే జంట అని, అదీ పిల్లల్ని సాకే కాలంలో అని తేలింది. మీ పొలం పక్కన ఎలుకలు తింటూ బతికే జంట గొర్రె జోలికి రాకపోతే దాన్ని అలాగే ఉండనివ్వండి. అది ఉన్నంతకాలం వేరే కయోటీని రానివ్వదు. దాన్ని చంపితే ఖాళీ అయిన చోటికి వచ్చేది ఎలాంటిదో మీకు తెలియదు. సస్కచెవాన్‌లో 2009 నవంబరు నుంచి 2010 మార్చి వరకు తలకు 20 డాలర్లు ఇచ్చి 71 వేల కయోటీలను చంపించారు. కయోటీలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. అందుకే నేను కనిపించిన ప్రతిదాని కోసం ఉచ్చు వేయను. చంపడం మరిగిన జంట కోసం, అదీ కంచె, కాపలా కుక్కలు, రాత్రి కొట్టంలో తోలడం, చచ్చిన పశువుల్ని వెంటనే తీసేయడం, ఇవన్నీ చేశాక కూడా నష్టం ఆగకపోతేనే వేస్తాను.

చలికాలమే ఎందుకంటే, మంచు వాటి దారి చూపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి వాటి ఎదకాలం, జంటలు తమ సరిహద్దుల వెంట ఎక్కువ తిరుగుతాయి. రెండు నెలల తర్వాత పిల్లలు. మన గొర్రెలు ఈనే కాలమూ, వాటికి పిల్లల ఆకలి మొదలయ్యే కాలమూ ఒకటే అవుతాయి. ఆలోపు పని పూర్తి కావాలి.

రెండో పని: సరైన ఉచ్చు

ఉక్కు కేబుల్‌తో తయారుచేసినవి కొనండి. ఇంట్లో ఉన్న కంచె తీగతో చేయొద్దు, అది జంతువును కోస్తుంది గానీ పట్టదు. మందం 5/64 లేదా 3/32 అంగుళం, అంటే రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. అంతకంటే సన్నగా ఉంటే మెలికలు పడి తెగుతుంది. ఒక ఉచ్చులో నాలుగు చోట్ల చూడాలి.

లాక్: మీ చోట చట్టం ఒప్పుకుంటే, లాగినప్పుడు బిగిసి, లాగడం ఆపితే కాస్త సడలే రకం తీసుకోండి. వాటిని రిలాక్సింగ్ లాక్ అంటారు. స్ప్రింగు బలంతో బిగిసి చంపే రకాలు కూడా ఉన్నాయి, కొన్నిచోట్ల చట్టబద్ధమే. చుట్టుపక్కల ఇళ్లు, కుక్కలు ఉన్న చోట నేను వాటిని ముట్టుకోను. ఎందుకో తర్వాత చెప్తాను.

స్వివెల్: కేబుల్‌తో పాటు తిరిగే కీలు. ఇది లేకపోతే జంతువు గింజుకున్నప్పుడు కేబుల్ పురి పడి పటుక్కున తెగిపోతుంది. మెడకు తీగతో తప్పించుకుపోయిన జంతువు నెలల తరబడి బాధపడి చస్తుంది.

డీర్ స్టాప్: లూప్, అంటే మెడకు పడే ఉరి, రెండున్నర అంగుళాల కంటే చిన్నది కాకుండా కేబుల్ మీద నొక్కిన చిన్న బిళ్ల. జింక కాలు పడితే జారిపోతుంది.

బ్రేక్‌అవే: బాగా బలంగా లాగితే విచ్చుకునే కొక్కెం. జింక, దూడ లాంటి బలమైన జంతువు పడితే ఉచ్చు ఊడిపోవడానికి. ఎన్ని పౌండ్లకు విచ్చుకోవాలో చాలాచోట్ల చట్టమే చెబుతుంది.

వీటితో పాటు ఉచ్చును గాలిలో నిలబెట్టడానికి 9 లేదా 11 గేజ్ తీగ, నేలలో దిగేయడానికి రెండడుగుల ఇనుప చువ్వలు. చువ్వలు అక్టోబరులోనే కొట్టేయండి. డిసెంబరులో ఇక్కడి నేల రాయి అయిపోతుంది, సుత్తి దెబ్బకు నిప్పురవ్వలు వస్తాయి గానీ చువ్వ దిగదు.

మూడో పని: కొత్త ఉచ్చుకు ఉన్న వాసన పోగొట్టడం

నా మొదటి ఏడాది తప్పంతా ఇక్కడే జరిగింది. కొత్త ఉచ్చుల కట్ట విప్పి, ట్రక్కులో పక్క సీటు మీద పడేసి, కింద పెట్రోలు డబ్బాతో వారం రోజులు తిరిగాను. ఏడు ఉచ్చులు ఓడిపోయాక ఒకటి విప్పి ఇంటికి తెచ్చి, చలి వదిలేదాకా పొయ్యి పక్కన పెట్టి ముక్కు దగ్గర పట్టుకున్నాను. ఫ్యాక్టరీ నూనె, దాని మీద పెట్రోలు, రెండూ నాకే తెలిశాయి. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటే, కుక్కజాతి ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయి. నాకే తెలిసినప్పుడు దానికి చెప్పేదేముంది!

వేసవి చివర్లోనే ఈ పని పెట్టుకోండి. ఆరుబయట, వంటకు వాడని పాత ఇనుప గిన్నెలో. ముందు వాసన లేని గిన్నెల సబ్బు, వేడినీళ్లతో ఉచ్చుల నూనె కడగండి. నీళ్ల మీద నూనె తెట్టు తేలకుండా పోయేదాకా రెండు మూడు సార్లు మార్చాలి. తర్వాత శుభ్రమైన నీళ్లలో వంటసోడా వేసి, ఉచ్చులు మునిగేలా ఉంచి ఇరవై నిమిషాలు మరిగించండి. దీనితో మిగిలిన జిడ్డు పోవడమే కాదు, కేబుల్ మీది తళతళ కూడా పోయి బూడిద రంగులోకి వస్తుంది. మంచు మీద వెన్నెల్లో మెరిసే తీగను కయోటీ కంటితోనే పసిగడుతుంది.

బట్టల సోడా గానీ, కాస్టిక్ సోడా గానీ వాడొద్దు. ఉచ్చు చివర్లలో కేబుల్‌ను పట్టి ఉంచే చిన్న గొట్టాలు చాలా రకాల్లో అల్యూమినియంవి. ఘాటు సోడా వాటిని తినేస్తుంది. పైకి ఏమీ తెలియదు, జంతువు పడిన రోజు ఊడుతుంది. వంటసోడాలో కూడా గంటల తరబడి మరగబెట్టకండి.

తీసి మంచినీళ్లతో కడిగి, ఆ ప్రాంతంలో దొరికే చెట్టు కొమ్మలతో ఇంకోసారి మరిగించండి. స్ప్రూస్ కొమ్మలు బాగుంటాయి. మా వైపు చెట్లు తక్కువ, పాప్లర్ బెరడు, సేజ్ రొట్ట వాడతాను. అడవి వాసన పులమడం దీని ఉద్దేశం కాదు. ఉచ్చు కట్టే చోట ఆ మొక్క లేకపోతే దాని వాసన కూడా కొత్తే అవుతుంది. అందుకే కట్టబోయే చోటి గడ్డి, రొట్టే తెచ్చుకోండి. తర్వాత ఇంటికి దూరంగా, వాన తగిలేలా చెట్టుకో కంచెకో వేలాడదీసి రెండు మూడు వారాలు వదిలేయండి. నా అనుభవంలో ఏ సబ్బూ ఏ సోడా చేయలేని పని ఎండ, వాన, గాలి చేస్తాయి.

ఆరాక మూత ఉన్న చెక్కపెట్టెలో ఎండుగడ్డి వేసి అందులో దాచండి. పెట్టె గ్యారేజీలో వద్దు, ఇంట్లో అసలే వద్దు. మన ఇళ్లలో పోపు వేస్తే ఆ వాసన పైన అటకలో ఉన్న స్వెట్టర్‌కు కూడా పడుతుంది. ఇంగువ, వెల్లుల్లి సంగతి చెప్పక్కర్లేదు. మా పెట్టె పొలం చివర పాత షెడ్డులో ఉంటుంది.

నాలుగో పని: మన వాసన

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. వాసన లేని మనిషిగా మారిపోవాలని స్ప్రేలు కొంటారు. అది జరిగే పని కాదు. మన ఒంటి నుంచి చర్మపు పొట్టు క్షణక్షణం రాలుతూనే ఉంటుంది. ఊపిరి వదిలితే వాసన, చెమట పడితే వాసన. పైగా మన పొలం దగ్గరుండే కయోటీకి మన వాసన పుట్టినప్పటి నుంచి తెలుసు. రోజూ మేత వేయడానికి నేను నడిచే దారిని అది రాత్రి దాటుతూనే ఉంటుంది, భయపడదు. దాన్ని ఆపేది మనిషి వాసన కాదు, ఉండకూడని చోట, ఉండకూడని సమయంలో, తాజాగా ఉన్న మనిషి వాసన.

ఇది అర్థమయ్యాక నేను స్ప్రేలు మానేసి మూడు పనులు చేయడం మొదలుపెట్టాను.

ఒకటి, ఉచ్చుకు తగిలే వాటిని వేరుచేశాను. చేతి తొడుగులు రెండు జతలు. గేటు తీయడానికి, ట్రక్కు నడపడానికి ఒక జత. ఉచ్చు ముట్టుకోవడానికి మాత్రమే ఇంకో జత, రబ్బరు పూత ఉన్నవి, ఉచ్చుల పెట్టెలోనే ఉంటాయి. మైనస్ 25లో రబ్బరు కర్రలా బిగుసుకుంటుంది, వేళ్లు మొద్దుబారతాయి, కాబట్టి లోపల ఉన్ని తొడుగు వేసుకునేంత పెద్ద సైజు కొనండి. ఎక్కడపడితే అక్కడ చేతులు తుడవడం, ముక్కు తుడుచుకోవడం ఆ తొడుగులతో చేయొద్దు. కాళ్లకు రబ్బరు బూట్లు. తోలు బూట్లు వాసన పీల్చుకుంటాయి, పెట్రోలు బంకులో తొక్కిన చుక్క వారం తర్వాత కూడా అందులో ఉంటుంది. కోటు విషయంలో మాత్రం కొత్తది ఉతికి వేసుకోవాల్సిన పని లేదు. నేను గొర్రెల కొట్టంలో వేసుకునే కోటే వేసుకుంటాను. గొర్రె, గడ్డి, పేడ వాసన అక్కడ రోజూ ఉండేదే. ఇంటి లోపల వేలాడే కోటు వద్దు.

రెండు, అక్కడ ఉండే సమయం తగ్గించాను. ఒక్కో ఉచ్చు దగ్గర ఐదు నిమిషాలకు మించి ఉండను. తీగ వంచడం, లూప్ కొలవడం అంతా ముందే చేసుకుని వెళ్తాను. మోకాలు కింద పెట్టను. ఉమ్మడం, సిగరెట్టు, ఖైనీ, మూత్రం, ఏదీ ఆ చుట్టుపక్కల కూడదు. చెమట పట్టేలా పరుగెత్తి వెళ్లొద్దు, నెమ్మదిగా నడవండి.

మూడు, ఇది అన్నిటికంటే ముఖ్యం, సమయానికి పని అప్పగించాను. చువ్వ, నిలబెట్టే తీగ అక్టోబరులోనే పెట్టేస్తాను. నవంబరులో ఉచ్చు కూడా కట్టి, లూప్ మూసేసి, తీగకు చుట్టి వదిలేస్తాను. ఆ దశలో అది ఏ జంతువునూ పట్టదు. కయోటీలు దాని పక్కనుంచి నెలరోజులు నడుస్తాయి. మొదట్లో ఆగి చూస్తాయి, అడుగుల్లో తెలిసిపోతుంది. తర్వాత ఆగడం మానేస్తాయి. అప్పుడు, మంచు పడబోతోందని వాతావరణ సూచన చెప్పిన మధ్యాహ్నం వెళ్లి, లూప్ తెరిచి వచ్చేస్తాను. రాత్రి కురిసిన మంచు నా అడుగులను, వాసనను కప్పేస్తుంది. ఈ పద్ధతి మొదలుపెట్టాక ఉచ్చు ముందు ఆగిన అడుగులు నాకు చాలా అరుదుగా కనిపించాయి.

గట్టి చలిలో వాసన పెద్దగా పైకి లేవదు, మంచు కింద అణిగి ఉంటుంది. కానీ మా వైపు చినూక్ అనే వెచ్చటి పడమటి గాలి వస్తుంది. మైనస్ 20 ఉన్న చోట కొన్ని గంటల్లోనే మంచు కరగడం మొదలవుతుంది. అణిగిన వాసనంతా అప్పుడు లేస్తుంది. చినూక్ వచ్చిన రోజు కొత్త ఉచ్చు తెరవకండి. అది పోయి మళ్లీ గడ్డకట్టాక ప్రతి లాక్‌నూ తొడుగు వేళ్లతో జరిపి చూడండి. కరిగిన నీళ్లు లాక్ లోపల గడ్డకట్టి ఉంటే ఉచ్చు బిగియదు.

ఐదో పని: చోటు

పెద్ద మైదానంలో ఎక్కడ కడతారు? కయోటీ కూడా మనలాగే, లోతు మంచులో కష్టపడి నడవడం దానికి ఇష్టం ఉండదు. గాలికి అడ్డంగా పాతకాలం రైతులు నాటిన కారగానా పొదల వరసలు, వాగు అంచులు, కంచె వెంట గాలి మంచును ఊడ్చేసిన గట్లు, స్నోమొబైల్ వెళ్లిన దారులు, ఇవే దాని రోడ్లు. మీరు స్వయంగా తొక్కి దారి చేసినా అది వాడుకుంటుంది. పొదల మధ్యలోంచి రోజూ ఒకే వేళకు ఒకే దారిన నడవండి. వారం పది రోజుల్లో మీ అడుగుల మీద దాని అడుగులు పడతాయి. ఆ దారిలో మీ వాసన దానికి మామూలైపోతుంది. దాక్కుని కట్టిన చోటు కంటే ఇలాంటి చోటు నాకు ఎక్కువసార్లు కలిసొచ్చింది.

దారి సన్నబడే చోటు వెతకండి, రెండు పొదల మధ్య, పడిపోయిన దుంగ పక్కన. మీరుగా కొమ్మలు నరికి దారి ఇరుకు చేయకండి. కోసిన కొమ్మ పచ్చివాసన, కొత్త ఆకారం, రెండూ దానికి అనుమానమే. తప్పనిసరైతే అక్కడే పడి ఉన్న ఎండుపుల్ల ఒకటి గుచ్చండి.

కంచె కింద కయోటీ దూరే కన్నం చూస్తే అక్కడే కట్టాలనిపిస్తుంది. తీగకు అంటుకున్న బొచ్చు చూసి చాలామంది ఆశపడతారు. అదే కన్నంలోంచి పక్కింటి కుక్క కూడా వస్తుంది. కుక్క అడుగులు ఒక్కటి కనిపించినా అక్కడ కట్టొద్దు. జింకలు దాటే చోట, మీ కాపలా కుక్కలు తిరిగే పొలంలో, నడకదారుల దగ్గర కట్టొద్దు.

ఎర మాంసం నేను వాడను. చచ్చిన గొర్రెను వేస్తే కయోటీలు వస్తాయి, నిజమే. వాటితో పాటు గద్దలు, కాకులు, మూడు మైళ్ల అవతల కుక్కలు కూడా వస్తాయి. పైగా గొర్రె మాంసం రుచి మనమే నేర్పినట్టవుతుంది.

ఆరో పని: కట్టడం

దారికి అడ్డంగా, పక్కనుంచి వెళ్లండి. కయోటీ నడిచే గాడిలో మీ అడుగు పడకూడదు. చేయి చాపి పని చేయాలి. గాలి ఎటు వీస్తోందో చూసి, కయోటీ వచ్చే దిక్కుకు మీ వాసన కొట్టని వైపున నిలబడండి.

లూప్ వెడల్పు 10 నుంచి 12 అంగుళాలు. మీ చట్టం తక్కువ చెబితే తక్కువే. లూప్ అడుగు భాగం నేల నుంచి 10 అంగుళాల ఎత్తున ఉండాలి, అంటే జానెడు, దానిమీద రెండు వేళ్లు. ఈ ఎత్తును మంచు పైపొర నుంచి కొలవకండి, కయోటీ పంజా దిగిన గుంట అడుగు నుంచి కొలవండి. మెత్తటి మంచులో ఈ రెండింటికీ నాలుగంగుళాల తేడా ఉంటుంది, ఆ తేడాలో అది కిందనుంచి దూరిపోతుంది లేదా ఛాతీకి పడుతుంది. కయోటీ నడిచేటప్పుడు తల వీపు కంటే కాస్త కిందికే ఉంటుందని గుర్తుంచుకోండి.

లూప్ గాలికి ఊగకుండా నిలబెట్టే తీగ బిగుతుగా పట్టాలి, కానీ తల తగిలి ముందుకు పోగానే వదిలేయాలి. వేలితో మెల్లగా నెట్టి చూడండి, లాక్ సాఫీగా జారాలి. చుట్టూ కేబుల్ చుట్టుకుపోయే కంచె, చెట్టు, గట్టు ఏదీ అందుబాటులో ఉండకూడదు. పడిన జంతువు కంచె మీదుగా దూకి వేలాడిపోతే రిలాక్సింగ్ లాక్ పెట్టిన ప్రయోజనమే పోతుంది.

ప్రతి ఉచ్చుకూ ఒక నెంబరు రాసుకోండి, ఫోనులో మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. ఇరుగుపొరుగు వాళ్లందరికీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎటువైపు కట్టారో ముందే చెప్పండి. నేను ఐదారు కంటే ఎక్కువ కట్టను. అంతకంటే ఎక్కువైతే సరిగ్గా చూసి రాలేం.

ఏడో పని: రోజూ చూసి రావడం

చట్టం ఎంత గడువు ఇచ్చినా, ప్రతి ఉదయం తెల్లవారగానే చూడండి. జ్వరం వచ్చినా, మైనస్ 35 ఉన్నా. వెళ్లలేని రోజు వస్తుందని తెలిస్తే ముందు రోజే లూపులు మూసేయండి. బాధలో ఉన్న జీవిని మన వీలు కోసం వేచి ఉండమనే హక్కు మనకు లేదు.

దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే చాలు, దగ్గరికి వెళ్తే ప్రతిసారీ కొత్త వాసన వదిలినట్టే. కొత్త మంచు పడితే మాత్రం వెళ్లి లూప్ ఎత్తు సరిచేయాలి.

మూడో చలికాలం ఒక ఉదయం నాలుగో నెంబరు ఉచ్చు దగ్గర నలుపు తెలుపు ఆకారం కనబడింది. కయోటీ అలా ఉండదు. గుండె జారిపోయింది. దగ్గరికి వెళ్తే పక్క ఫారం వాళ్ల గొర్రెలు తోలే కుక్క. మెడకు ఉచ్చు బిగిసి ఉంది, కానీ అది గింజుకోలేదు. గొలుసుకు అలవాటు పడిన కుక్క కాబట్టి, మెడ పట్టేసరికి ఎవరో కట్టేశారనుకుని కూర్చుండిపోయింది. దాని కింద మంచు కరిగి ఒంటి ఆకారంలో గుంట పడింది. కనురెప్పల మీద మంచు పేరుకుని ఉంది. నన్ను చూసి తోక ఊపింది. కేబుల్ కట్టర్‌తో తెంచేశాను. మెడ చుట్టూ బొచ్చు నలిగింది తప్ప గాయం లేదు. ఎత్తుకుని ట్రక్కులో వేసుకుని వాళ్లింటికి వెళ్లి జరిగింది చెప్పాను. స్ప్రింగు లాక్ అయి ఉంటే నేను ఒక శవాన్ని తీసుకెళ్లాల్సి వచ్చేది. రెండు రోజుల తర్వాత చూడ్డానికి వెళ్లాలనుకుని ఉన్నా అంతే. ఆ కట్టర్ అప్పటి నుంచి నా కోటు జేబులోంచి బయటికి రాలేదు. మీరూ కట్టర్ లేకుండా వెళ్లకండి.

కయోటీ పడి ఉంటే, దూరం నుంచే తుపాకీతో తక్షణం ముగించాలి. తుపాకీ లైసెన్సు లేకపోతే, ఉన్న మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి. కర్రతో కొట్టడం, నిలబడి చూడటం, ఫొటోల కోసం ఆలస్యం చేయడం పాపం.

చచ్చిన కయోటీని ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు. అల్బెర్టా కయోటీల్లో ఎకినోకాకస్ మల్టీలోక్యులారిస్ అనే బద్దెపురుగు ఉంది. దాని గుడ్లు మలంలో ఉంటాయి, వెనక భాగం బొచ్చుకు అంటుకుంటాయి. మామూలు చలికి చావవు. మనిషి కడుపులోకి వెళ్తే ఏళ్ల తర్వాత కాలేయంలో క్యాన్సర్ లాంటి గడ్డలు పెరుగుతాయి. ఒక వాడిపారేసే తొడుగుల జత, ముఖానికి మాస్క్ పెట్టుకుని సంచిలో వేయండి, తర్వాత సబ్బుతో చేతులు కడగండి. మీ కుక్కలకు ఈ బద్దెపురుగును చంపే మందు వేయించండి. బొచ్చు ఊడి, చర్మం మందంగా, పుండ్లతో ఉంటే అది గజ్జి పట్టిన కయోటీ, ఆ గజ్జి కుక్కలకూ అంటుకుంటుంది. ఇక చర్మం అమ్మి డబ్బు చేసుకోవాలని దీనిలోకి దిగేవాళ్లకు ఒక మాట: చలికోట్లు తయారుచేసే కెనడా గూస్ కంపెనీ 2021లో బొచ్చు కొనడం ఆపాక ఆ మార్కెట్ బాగా పడిపోయింది.

వాడిన ఉచ్చును మళ్లీ కట్టొద్దు. కేబుల్‌లో ఒక్క మెలిక పడినా అక్కడే తెగుతుంది. జంట కోసం కట్టారు కాబట్టి, రెండోది అదే దారిన వెతుక్కుంటూ రావచ్చు. చోటు మార్చక్కర్లేదు, పది గజాలు ముందుకో వెనక్కో కొత్త ఉచ్చు పెట్టండి. నష్టం ఆగిందంటే మాత్రం అక్కడితో ఆపేయండి.

ఫిబ్రవరి చివరికి, గొర్రెలు ఈనడానికి ముందే నేను అన్నీ తీసేస్తాను. మంచు కరిగేటప్పుడు దారులు మారిపోతాయి, జింకలు గుంపులుగా దిగుతాయి, కట్టిన చోట్లు గుర్తుపట్టడం కష్టమవుతుంది. నోటుబుక్కులో ఉన్న నెంబర్లకు, చేతిలో ఉన్న ఉచ్చులకు లెక్క సరిపోవాలి. ఒక ఏడాది ఒకటి తగ్గింది. బ్రేక్‌అవే విచ్చుకుని ఏదో జింక లాక్కెళ్లి ఉంటుందని మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. అయినా రెండు రోజులు ఆ వాగు గట్టంతా వెతికాను. గాలికి పేరుకున్న మంచు కింద, లూప్ తెరుచుకునే ఉండి దొరికింది. మూసి, చుట్టి, పెట్టెలో మిగతా ఐదింటి పక్కన పెట్టాను.